తలలో నీరు చేరిన బిడ్డ: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు



తార్నాకలో బస్సెక్కి ముషీరాబాదు గాంధీ ఆసుపత్రికి వెళ్తున్నాను. పక్కన ఒక తల్లి, ఒళ్ళో ఆరు నెలల పాప. పాప తల కొంగుతో కప్పి ఉంది. కాసేపటికి ఆ తల్లి మెల్లగా అడిగింది: "గ్రహణం నాడు కత్తిపీట పట్టిన్నని, అందుకే పాపకు గిట్లయిందని మా అత్తమ్మ అంటది. నిజమేనా మేడం?"

నిజం కాదు. గ్రహణానికీ, దిష్టికీ, పూర్వజన్మ పాపానికీ ఈ జబ్బుతో ఏ సంబంధమూ లేదు. తల్లి తప్పు అసలే లేదు.

ఇది ఏం జబ్బు?

మన మెదడు లోపల చిన్న చిన్న గదులున్నాయి. వాటిలో నీటివంటి ద్రవం నిత్యం ఊరుతూ, మెదడు, వెన్నుపాముల చుట్టూ తిరిగి రక్తంలో కలుస్తుంది. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే ఆ దారి మూసుకుపోతుంది. కాలువకు అడ్డు పడితే నీళ్ళు వెనక్కి నిలిచినట్లే, ద్రవం నిలిచి మెదడును నొక్కుతుంది. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు గనుక తల పెద్దదవుతుంది. దీనినే డాక్టర్లు హైడ్రోసెఫలస్ అంటారు.

ఎలా గుర్తుపట్టాలి?

పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 34 సెంటీమీటర్లు, ఏడాదికి సుమారు 46 ఉంటుంది. తల అంతకన్నా త్వరగా పెరుగుతున్నా, నడినెత్తి మాడు ఉబ్బినా, కనుగుడ్లు కిందికే వాలి ఉన్నా వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకురండి. టేపుతో కొలవడానికి ఒక్క నిమిషం చాలు.

వైద్యం ఉందా?

ఉంది. సన్నని గొట్టాన్ని చర్మం కిందుగా తల నుంచి కడుపులోకి వేసి, ఎక్కువైన నీటిని దించుతారు. దీని పేరు షంట్. 2003లో సికింద్రాబాదు నుంచి ముషీరాబాదుకు మారిన గాంధీ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రుల్లో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్లున్నారు. ఎంత త్వరగా చేయిస్తే మెదడుకు అంత మేలు.

ఒక్కటి మరువకండి. గొట్టం పూడుకుపోవచ్చు, చీము పట్టవచ్చు. బిడ్డ పదే పదే వాంతి చేసుకుంటున్నా, మత్తుగా పడి ఉన్నా, జ్వరం వచ్చినా, ఊరుకోకుండా ఏడుస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. "పొద్దున చూద్దాంలే" అంటే ప్రాణం మీదికి రావచ్చు.

పెంపకం ఎలా?

ఎత్తుకునేటప్పుడు తల కింద చేయి ఆనించండి. తల్లిపాలు మానవద్దు, డాక్టరు చెప్పిన ప్రకారం టీకాలు వేయించండి. మాట్లాడండి, ఆడించండి. కొందరు బిడ్డలు అందరిలాగే బడికి పోతారు, కొందరికి నడక, మాట ఆలస్యమవుతాయి. అటువంటి బిడ్డలకు శిక్షణనిచ్చే జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఏర్పడింది. ఈ చాకిరీ తల్లి ఒక్కతిదే కాదు. అయ్యా, మీరూ బిడ్డను ఎత్తుకోండి.

తరువాతి కాన్పు సంగతి

వెన్నెముక సరిగా మూసుకోక పుట్టిన బిడ్డల్లో చాలామందికి తలలో నీరు చేరుతుంది. వెన్నెముక మూసుకునే పని కడుపు పడిన 28 రోజుల్లోనే అయిపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు! అందుకే ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు గర్భం రాకముందే, కనీసం నెల ముందు నుంచి మొదలుపెట్టాలి. అటువంటి బిడ్డ ఉన్న తల్లులు ఎక్కువ మోతాదులో వాడితే తరువాతి బిడ్డకు ఆ ప్రమాదం నూటికి 70 పాళ్ళకు పైగా తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. మోతాదు డాక్టరే చెప్పాలి. ఆకుకూరలు, పప్పులు తినండి. కాని వండితే వాటిలోని ఫోలిక్ యాసిడ్ కొంత పోతుంది గనుక బిళ్ళ తప్పదు.

మరి అనుకోకుండా గర్భం వస్తే బిళ్ళ ముందుగా వేసుకోవడం ఎలా? కనుక అంతవరకు నిరోధ్, మాత్రలు, కాపర్-టి వంటి వాటిలో మీకు సరిపోయేది వాడండి. కనీసం మూడేళ్ళ ఎడం ఉంటే ఈ బిడ్డకు సేవ చేసే తీరికా, తల్లి ఒంటికి బలమూ దొరుకుతాయి. కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు.

తలలో నీటికి వేరే కారణాలూ ఉన్నాయి, కొన్ని వంశంలో వచ్చేవి. మేనరికమైతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యువ్యాధుల ఆసుపత్రి బేగంపేటలో ఉంది.

దాచిపెడితే జబ్బు ముదురుతుంది, చూపిస్తే బిడ్డ దక్కుతుంది. సందేహముంటే మీ ఊరి ఎ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను అడగండి. ఇద్దరూ కలిసి రండి.