బాకా మైకునకు అంత గొంతేల?

ఉద్దానపు కొబ్బరితోటల నడుమ గ్రామదేవత సంబరము జరుగునపుడు చెట్టునకు గట్టిన బాకా మైకు స్వల్పవిద్యుత్తుతోనే ఊరెల్ల మారుమ్రోగించుచుండగా, అంతే శక్తి నొసగిన మన ఇంటి పెట్టె స్పీకరు అరుగు దాటుటకే ఆయాసపడుచున్నదేల?

ఏలయన, పెట్టె స్పీకరు తాను గ్రహించిన విద్యుచ్ఛక్తిలో సాధారణముగా నూటికొక పాలైనను ధ్వనిగా మార్చజాలక తక్కినదెల్ల వేడిగా వ్యయపరచును. క్రమముగా విప్పారు బాకాయో, లోని పొర కదలికను గాలికి చక్కగా నప్పగించుటయే గాక, ధ్వనిని చెదరనీయక ఒక దిక్కునకు నడపును. ఒక వాట్టు నొసగి మీటరు దూరమున గొలిచినపుడు పెట్టె 87, బాకా 107 డెసిబెల్లులు పలికిన వనుకొనుడు. ప్రతి 10 డెసిబెల్లులకును శక్తి 10 రెట్లు కావలెను గనుక, బాకాకు 1 వాట్టు చాలినచోట పెట్టెకు 100 వాట్టులు వలయును! (మాధుర్యమున మాత్రము పెట్టెదే పైచేయి.)

పలాసలోనో టెక్కలిలోనో ఆంప్లిఫయరు కొనబోవునపుడు, వాట్టులకు ముందు స్పీకరు డెసిబెల్లుల నడుగుడు.