ఢిల్లీ కనకాంబరానికి గింజ రాదు, కొమ్మే ఆధారం

తమిళనాట దీన్ని కనకాంబరం అనే అంటారు. కన్నడంలో కనకాంబర అనీ, అబ్బలిగె అనీ పిలుస్తారు. మహారాష్ట్రలో మాత్రం అబోలి అని అడగాలి. ఇది దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క. ఏడాది పొడుగునా ఆకు పచ్చగా ఉంటుంది, మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా పెరుగుతుంది. వాసన లేదన్న మాటే గానీ, కోసిన పూలు త్వరగా వాడవు, తలలో బరువుండవు. మల్లెల మధ్య ఒక్కో వరస కలిపి కడితే దండకే నిండుదనం వస్తుంది.

ఇంతగా తెలిసిన మొక్క కూడా చాలా పెరళ్లలో కొన్నేళ్లు పూసి, ఉన్నట్టుండి ఎండిపోతుంది. "గింజలు రాలి మళ్లీ మొలుస్తాయిలే" అనుకుంటే కొన్ని ఇళ్లలో మొలుస్తాయి, కొన్ని ఇళ్లలో ఎంత కాలం చూసినా మొలవవు. నేల తప్పు కాదు, చేతి వాటమూ కాదు. మీ దగ్గరున్నది ఏ రకమో అన్నదే అసలు సంగతి.

ఢిల్లీ కనకాంబరం కణాల్లో క్రోమోజోములు 30, అంటే పదేసి చొప్పున మూడు వరసలు. మూడు వరసలు సరిగ్గా జతపడవు గనుక గింజ కట్టదు. ముదురు నారింజ రంగులో గుత్తులుగా పూసే ఈ రకం పూలకు బజారులో గిరాకీ ఎక్కువ. గింజ రాదు కాబట్టి నర్సరీల్లోనూ కొమ్మలతోనే దీన్ని పెంచుతారు. దీని కొమ్మ తీసుకోకముందే చెట్టు పోతే మన ఇంట ఆ మొక్క కథ ముగిసినట్టే.

రకం తెలుసుకోవడానికి పూత అయిపోయి ఎండిన కంకి ఒకటి కోసి చూడండి. పొరల మధ్య గోధుమరంగు గట్టి కాయలుంటే అది గింజ రకం. దాన్ని పళ్లెంలో పెట్టి నాలుగు చుక్కల నీళ్లు చల్లితే కాయలు టప్పున పగిలి గింజలు చిమ్ముతాయి. పిల్లలు దీన్ని వదలరు, మూత పెట్టకపోతే గింజలు గదంతా ఏరుకోవాల్సిందే! అందుకే ఎండు కంకుల్ని మొక్కకు నీళ్లు పోయక ముందే కోసుకోవాలి. తడిసిన గింజల్ని దాచిపెట్టకుండా వెంటనే, ఇసుక కలిపిన మట్టిలో పైపైనే చల్లి, సన్నగా తడుపుతూ ఉండాలి. మొలకలకు రెండు మూడు వారాలు పడుతుంది.

కంకి పొరలు ఖాళీగా ఉంటే కత్తెర తీయండి. వానాకాలం దీనికి మంచి అదను. లేతా ముదురూ కాని కొమ్మ చివర్లు జానెడుకు కాస్త తక్కువగా కత్తిరించుకోవాలి. ఉన్న పూకంకిని తుంచెయ్యాలి. జాలేస్తుంది గానీ, పువ్వు ఉంచితే కొమ్మ బలమంతా దానికే పోయి వేరు పట్టదు. కింది ఆకులు తీసేసి, పైన రెండు జతలుంచి, ఒక కణుపు మునిగేలా తడి ఇసుకలో గుచ్చండి. నీడలో పెట్టి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి వదులుగా కప్పితే తేమ నిలుస్తుంది. మూడు నాలుగు వారాలకు కొత్త చిగురు కనిపిస్తుంది. వేరు పట్టిందో లేదో చూద్దామని మధ్యలో లాగి చూడకండి. అన్నీ బతకవు కాబట్టి రెండు మొక్కలు కావాలంటే ఐదారు కొమ్మలు గుచ్చడం మేలు.

ఉన్నట్టుండి ఎండిపోవడానికి ఎక్కువగా కారణం వేళ్లలోనే ఉంటుంది. కంటికి కనబడని నులిపురుగులు వేళ్లను గాయపరుస్తాయి. ఆ గాయాల్లోంచి వడలు తెగులు శిలీంధ్రం లోపలికి చేరుతుంది. పైన ఆకులు వేలాడేసరికి సాయంత్రం నీళ్లు ఇంకాస్త పోస్తాం, దాంతో వేరు మరింత కుళ్లుతుంది. అలా పోయిన మొక్కను వేళ్లతో సహా తీసెయ్యాలి. అదే గుంటలో మళ్లీ కనకాంబరం పెట్టకూడదు. అక్కడ ఒక పంట బంతి వెయ్యండి, బంతి వేళ్లు ఈ నులిపురుగుల్ని తగ్గిస్తాయి. కొత్త మొక్క గుంటలో మాగిన పశువుల ఎరువుతో పాటు గుప్పెడు వేపపిండి కలపండి. నీళ్లు నిలవని చోటు చూసుకోవాలి. కుండీ అయితే అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూస్తే చాలు.

ఈనెలు పచ్చగానే ఉండి, లేత ఆకులు పసుపెక్కితే అది తెగులు కాదు, ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లపూట ఆకులపై పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

బెంగళూరు లాంటి చల్లని ఊళ్లలో చలికాలం దీని ఎదుగుదల మందగిస్తుంది. ఆ నెలల్లో కత్తెర పెట్టకుండా, నీళ్లు తగ్గించి, పొద్దుటెండ తగిలే చోట ఉంచండి. ఎండలు మొదలయ్యాక ఎండు కంకులన్నీ కత్తిరించేస్తే పక్క కొమ్మలు వేసి మళ్లీ పూతకొస్తుంది.