ఫాంటు వేరు, అక్షరం వేరు

ఇంటి దగ్గర తెలుగులో టైపు చేసిన అసైన్‌మెంట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని మీరు అధ్యయన కేంద్రానికి వెళ్ళారనుకోండి. అక్కడి కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. వైరస్ వచ్చిందని చాలామంది కంగారుపడతారు. నిజానికి మీ ఫైలు చెడిపోలేదు. ఏం జరిగిందో అర్థం కావాలంటే కంప్యూటర్ అక్షరాన్ని ఎలా దాచుకుంటుందో తెలియాలి.

కంప్యూటర్ దాచుకొనేది సంఖ్యలనే. ఇంగ్లీషు పెద్ద 'ఎ' నొక్కితే అది 65 అనే సంఖ్యను నమోదు చేసుకుంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్న ఒప్పందాన్ని సంకేతావళి అంటాం. ఆ సంఖ్యకు తెరమీద ఏ ఆకారం గీయాలో చెప్పేది ఫాంటు.

1960లలో అమెరికాలో రూపొందిన ఆస్కీ సంకేతావళిలో ఉన్నవి 128 స్థానాలే. తెలుగుకు అందులో చోటు లేదు. అందుకని డీటీపీ తొలి రోజుల్లో మనవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాలకు, ఇతర గుర్తులకు చెందిన సంఖ్యలనే వాడుకుంటూ, ఫాంటులో మాత్రం వాటి స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు, గుణింతపు గుర్తులు, ఒత్తులు గీశారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగు, లేనిచోట గందరగోళం. ఆ ఉపాయాన్ని నేను తక్కువ చేయను. ఎన్నో తెలుగు పుస్తకాలు దాని పుణ్యాన అచ్చయ్యాయి. కానీ 1990లలో అలా టైపు చేయించుకున్న నా పాఠాల ఫైళ్ళు నా దగ్గరే ఉన్నా, ఇప్పుడు నేనే చదవలేకపోతున్నాను.

యూనికోడ్ ఈ చిక్కు తీర్చింది. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగు ఉంది. తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాలు కేటాయించారు. అందులో 'క' సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ యంత్రంలో చూసినా అంతే. 'తెలుగు' అన్న మాట మన కంటికి మూడక్షరాలు. యంత్రానికి మాత్రం ఆరు సంఖ్యలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు. మాట చివర బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే అక్షరమంతా పోకుండా సాధారణంగా కొమ్ము మాత్రమే ఎందుకు పోతుందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. ఒకసారి చేసి చూడండి.

మీ ఫైలు ఏ రకానిదో తెలుసుకోవడం సులభం. కొంత భాగాన్ని ఎంపిక చేసి, ఫాంటును ఏరియల్‌కు మార్చండి. తెలుగు తెలుగుగానే నిలిస్తే అది యూనికోడ్. ఇంగ్లీషు గుర్తులుగా మారితే పాత ఫాంటు. వెంటనే కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కితే మొదటి రూపం తిరిగి వస్తుంది.

పీడీఎఫ్‌గా మారిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఫాంటును అందులోనే పొదిగితే కంటికి సరిగానే కనిపిస్తుంది. అయితే ఆ ఫైల్లో ఒక తెలుగు మాటను వెతికితే దొరకదు. కాపీ చేస్తే మళ్ళీ గుర్తులే వస్తాయి. చూపులేని మీ సహాధ్యాయి కోసం తెరమీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ గుర్తులనే చదువుతుంది. అతనికి మీ నోట్సు ఇచ్చీ ఇవ్వనట్టే.

మీ ఫోనులో టైపు చేసే తెలుగు యూనికోడే. కంప్యూటర్‌లోనైతే విండోస్ భాషా అమరికల్లో తెలుగు కీబోర్డును చేర్చుకోండి. పాత ఫాంటు ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, ఒత్తుల దగ్గర పొరపాట్లు దొర్లుతుంటాయి. మార్చిన ప్రతిని మొదటి నుంచి చివరి వరకు చదివి, దిద్దుకొన్న తర్వాతే సమర్పించండి.