ఆసు పోసే లూపు

విజయవాడలో మొదటి ఏడాది ఇంజనీరింగ్ పిల్లలకు లూపులు చెబుతుంటే ఏటా ఒకరైనా అడుగుతారు: "లూపు లోపల ఇంకో లూపు దేనికి సార్?" పుస్తకంలో దీనికి నక్షత్రాల త్రికోణం గీయిస్తారు. ఆ త్రికోణంతో ఎవరికేం పని? నేను చింతకింది మల్లేశం ఆసు యంత్రం సంగతి ఎత్తుకుంటాను.

పోచంపల్లి చీరకు నేయకముందే దారానికి రంగులద్దాలి. అంతకన్నా ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, ఎదురుగా ఒక కేంద్రం. దారం పట్టిన చెయ్యి కేంద్రం నుంచి మేకుకు వెళ్ళి, దాన్ని చుట్టి వెనక్కి రావాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు! ఆలేరు దగ్గర శారాజీపేటలో మల్లేశం తల్లి లక్ష్మి రోజూ ఈ పని చేసి భుజం నొప్పితో అల్లాడేది.

ఆ చేతికి ప్రోగ్రాము రాద్దాం. మేకుకు నాలుగు చుట్లనుకోండి. చుట్టు లెక్క సున్నాతో మొదలు. నాలుగు కన్నా తక్కువుంటే దారం ఒకసారి వెళ్ళొస్తుంది, లెక్కకు ఒకటి కలుస్తుంది, మళ్ళీ అదే ప్రశ్న. ఇది లోపలి లూపు. నాలుగు కాగానే బయటి లూపు మేకు అంకెను ఒకటి పెంచుతుంది, చుట్టు లెక్క మళ్ళీ సున్నా అవుతుంది. ఆ సున్నా చేయడం మరిచారా, రెండో మేకు మీద ఒక్క చుట్టూ పడదు. "నాలుగు కన్నా తక్కువ" బదులు "నాలుగు వరకూ" అని రాశారా, ప్రతి మేకు మీదా ఐదేసి చుట్లు పడి, చీరలో పువ్వు ఉండాల్సిన చోటు తప్పుతుంది. మేకు అంకెను పెంచకపోతే మరీ ఘోరం. నూలు అయిపోయేదాకా అంతా ఒకే మేకు మీద పోగుపడుతుంది.

కాగితం మీద ఒకటి కలపడం తేలికే. ఇనుముతో కలపాలంటేనే తెలుస్తుంది. ఆరో తరగతితో చదువాపేసిన మల్లేశం 1992లో మొదలుపెట్టి ఒక్కో కదలికనూ సాధించుకుంటూ వచ్చాడు. మేకుల మీదుగా దారాన్ని నడిపించడం దగ్గర మాత్రం ఏళ్ళ తరబడి చిక్కుపడ్డాడు. 1999లో హైదరాబాద్ బాలానగర్‌లో ఏదో పని మీద ఉండగా, అక్కడి ఒక యంత్రం తిరిగే తీరు చూడగానే ఆ చిక్కు విడిపోయింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు.

మల్లేశానికి 2017లో వచ్చిన పద్మశ్రీ, ఆయన కథతో 2019లో వచ్చిన సినిమా అందరికీ తెలిసినవే. యంత్రంలోకి తర్వాత మైక్రోకంట్రోలర్ కూడా వచ్చింది. నేను పిల్లల చేత రాయించే లెక్క ఇప్పుడు అందులో నిజంగానే నడుస్తోంది.