చత్వారం: కండరం మీద పడిన నింద

నలభై దాటాక పేపరు చదవాలంటే చెయ్యి దూరంగా చాపాల్సి వస్తుంది, సూదిలో దారం ఎక్కించాలంటే పిల్లల్ని పిలవాల్సి వస్తుంది. ఈ చత్వారం ఎందుకొస్తుందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: కంట్లో కండరం బలహీనపడింది. ఒళ్లంతా సడలే వయసులో కన్ను మాత్రం మినహాయింపు ఎలా అవుతుందన్నది వాళ్ల తర్కం. వినడానికి సబబుగానే ఉంది గానీ నిలబడదు. నిలబడదని చూపించిన పరికరం కంటి డాక్టరు గదిలోది కూడా కాదు. మెదడుకీ వెన్నుకీ తీసే ఎంఆర్ఐ స్కానింగ్ యంత్రమే ఆ పని చేసింది. అందరూ కళ్లలోకి వెలుగు వేసి వెతికిన కండరం వెలుగు చొరని చోట ఉంది కాబట్టి, వెలుగుతో పనిలేని యంత్రం వచ్చేదాకా ఆ నింద అలాగే ఉండిపోయింది.

చూపు దూరం నుంచి దగ్గరికి మారేటప్పుడు కంట్లో మారేది లెన్సేనని థామస్ యంగ్ 1801లోనే లండన్‌లో చూపించాడు. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా వంపు మారుతోందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి ఆయన నీళ్లు నింపిన చిన్న గొట్టాన్ని తన కంటికి ఆనించుకున్నాడు. నీళ్లు తగిలితే కార్నియాకు వెలుగును వంచే శక్తి దాదాపు పోతుంది. అయినా దగ్గరి వస్తువు మీద ఆయన చూపు కుదురుతూనే ఉంది. తర్వాత 1855లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, కంట్లో కనిపించే దీపపు ప్రతిబింబాలను కొలిచి, దగ్గరికి చూసేటప్పుడు లెన్స్ ఉబ్బుతుందని తేల్చాడు. ఎలా ఉబ్బుతుందన్నది మాత్రం ఊహించాల్సి వచ్చింది. లెన్స్ చుట్టూ సిలియరీ కండరం వలయంగా ఉంటుంది. సైకిల్ చక్రంలో రిమ్ముకీ ఇరుసుకీ మధ్య పుల్లలున్నట్టు, ఆ వలయానికీ లెన్స్‌కీ మధ్య సన్నని పోగులుంటాయి. కండరం బిగిస్తే వలయం చిన్నదై పోగులు వదులవుతాయి. లాగుడు తగ్గిన లెన్స్ గుండ్రబడుతుంది. ఇదీ ఆయన సిద్ధాంతం. దాన్ని కళ్లారా చూసే దారి లేదు. వలయం కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర ఐరిస్ వెనక ఉంది, ఐరిస్‌లోని రంగు వెలుగును ఆపేస్తుంది. అల్ట్రాసౌండ్ ఐరిస్‌ను దాటుతుంది గానీ ధ్వని వేగం ఒక్కో కణజాలంలో ఒక్కోలా ఉంటుంది కనక కొలతల్ని సవరించుకుంటూ పోవాలి.

ఎంఆర్ఐ పుట్టుక కంటి కోసం కాదు. అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలు ఒక నిర్దిష్ట రేడియో పౌనఃపున్యానికి స్పందిస్తాయని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా కనుక్కున్నారు. 1.5 టెస్లా క్షేత్రబలం ఉన్న యంత్రంలో నీటిలోని హైడ్రోజన్ స్పందించేది సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర. క్షేత్రాన్ని ఒక పక్క బలంగా, మరో పక్క బలహీనంగా ఉంచితే ఏ సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుందని పాల్ లాటర్‌బర్ 1973లో రెండు సన్నని నీటి గొట్టాల బొమ్మ తీసి చూపాడు. ఆ వ్యాసాన్ని ‘నేచర్’ పత్రిక మొదట తిప్పి పంపింది. 2003లో అదే పనికి నోబెల్ వచ్చింది. కంటి విషయంలో మలుపు తిప్పింది మాత్రం చిన్న తీగచుట్ట. తల చుట్టూ పెట్టే పెద్ద కాయిల్ తలంతటి రొదనీ పట్టుకుంటుంది. కంటిమీద పెట్టే చిన్న కాయిల్‌కు పక్కనున్న సంకేతమే గట్టిగా వినిపిస్తుంది, దూరపు రొద తగ్గిపోతుంది. దాంతో సుమారు 24 మిల్లీమీటర్ల కనుగుడ్డు లోపలి భాగాలు విడివిడిగా కనబడ్డాయి: కనుగుడ్డును నింపే, దాదాపు అంతా నీరే అయిన జిగురు పదార్థం విట్రియస్ ఒక తీరుగా, మూడింట రెండు వంతులు మాత్రమే నీరున్న లెన్స్ మరో తీరుగా. (కంట్లో ఇనుప రజను పడినవాళ్లు, ముఖ్యంగా గ్రైండింగ్ పనిచేసేవాళ్లు, స్కానింగ్‌కు ముందు ఆ సంగతి చెప్పి తీరాలి. అయస్కాంతం ఆ ముక్కను కదిలించి చూపు పోగొట్టిన ఉదంతం 1986లోనే వైద్య పత్రికకెక్కింది.)

అమెరికాలో సూసన్ స్ట్రెంక్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనం ఈ కథకు కీలకం. 22 నుంచి 83 ఏళ్ల వయసున్న 25 మందిని యంత్రంలో పడుకోబెట్టి, ఒకసారి దూరానికి, ఒకసారి దగ్గరికి చూడమని చెప్పి బొమ్మలు తీశారు. అందరిలోనూ, ఎనభై దాటినవాళ్లలో కూడా, కండరం బిగిసింది. చదవడానికి కళ్లద్దాలు లేనిదే గడవని కంట్లో కండరం తన పని తాను చేసుకుపోతోంది. లెన్సే దాని మాట వినడం లేదు. ఇంకో విషయం కూడా బయటపడింది. వయసుతో పాటు, విశ్రాంతిలో ఉన్నప్పుడు సైతం లెన్స్ మందమవుతోంది, కండర వలయం లోపలికి జరుగుతోంది. అంటే చత్వారపు కంట్లో లెన్స్ ఉబ్బలేకపోవడం కన్నా తిరిగి పలచబడలేకపోవడం అసలు చిక్కు కావచ్చునని వాళ్లు సూచించారు.

పాతిక మంది సరిపోతారా అని అడగొచ్చు. ఇది జనాభా లెక్క కాదు, ఒకే కంటిలో రెండు స్థితుల పోలిక. ముసలి కంట్లో కండరం ఏదీ కదలకుండా ఉంటేనే పాత వాదం నిలుస్తుంది. ఒక్కో చుక్క సుమారు 0.16 మిల్లీమీటర్ల మేర ఉండే ముతక బొమ్మ ఇది అన్న అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. కొలవాల్సిన కదలిక అంతకు మించే ఉంటుంది కాబట్టి అదీ ఆగదు. అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ కోతుల నుంచి వచ్చింది: ముసలి రీసస్ కోతుల్లో కండరం కదలిక తగ్గినట్టు చూశారు. అయితే అక్కడా బిగుసుకుపోయింది కండరాన్ని వెనక పట్టి ఉంచే కణజాలం. దాన్ని తెంపితే కండరం మళ్లీ కదిలింది. ఇక లెన్స్ సంగతి. దానం చేసిన కళ్లలోని లెన్సులను గిరగిరా తిప్పి, వయసుతో అవి గట్టిపడతాయని ఫిషర్ 1971లోనే కొలిచాడు. ఎంఆర్ఐ గట్టిదనాన్ని కొలవలేదు, నిజమే. గట్టిపడటమా, పెరగడమా, ఏది ముందన్న తగవు ఇంకా తెగలేదు. ఏది గెలిచినా దోషం లెన్స్ వైపే ఉంటుందని నా అభిప్రాయం.

దీని ఫలితం పుస్తకాలకే పరిమితం కాదు. దగ్గరికి చూసేటప్పుడు లెన్స్ అడ్డంగా సాగుతుందని 1990ల్లో రోనాల్డ్ షాకర్ వాదించాడు, తెల్లగుడ్డులో పట్టీలు పెట్టి చత్వారం పోగొట్టే ఆపరేషన్‌కు అదే పునాది. కానీ స్కాన్లలో దగ్గరికి చూసేటప్పుడు లెన్స్ వ్యాసం తగ్గుతూ కనిపించింది. కండరం బతికే ఉందంటే, శుక్లం తీసిన కంట్లో దాని బిగువుకు స్పందించే కృత్రిమ లెన్స్ పెట్టాలన్న ప్రయత్నానికి ఆధారం దొరికినట్టే. అందుకే కంటి వ్యాయామంతో అద్దాలు పారేయొచ్చన్న ప్రచారం ముందు కాస్త ఆగాలి. ఆ ప్రచారానికి ఆద్యుడైన న్యూయార్క్ వైద్యుడు విలియం బేట్స్, 1920 నాటి తన పుస్తకంలో చూపు కుదరడంలో లెన్స్ పాత్రనే కాదన్నాడు. రెండు కళ్లూ కలిసి లోపలికి తిరగలేని ఇబ్బందికి డాక్టర్లు నేర్పే వ్యాయామం వేరు, అది పనిచేస్తుంది. చత్వారానికి మాత్రం వ్యాయామం కావాల్సిన కండరం బాగానే ఉంది. కోర్సుకు కట్టే డబ్బుతో కళ్ల పరీక్ష చేయించుకుని మంచి అద్దాలు కొనుక్కోండి.