‘ఆడంగితనం’ మీదే ఎందుకు ప్రసంగం? పాస్టర్ల అర్హతల జాబితా మొత్తం చదువుదాం

శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడి దగ్గర జోగినులు, శివపార్వతులు, హిజ్రాలు త్రిశూలం పట్టుకుని, తలంబ్రాలు పోసుకుని శివుణ్ణి పెళ్లాడతారు. పక్కనే ఉన్న కోనరావుపేట మండలం జనానికి ఇది కొత్త దృశ్యం కాదు. అక్కడ చోటు దొరికిందంటే గౌరవం దొరికినట్టని నేననను. జోగిని పేరుతో దళిత ఆడబిడ్డల బతుకులు ఏమయ్యాయో మనకు తెలుసు, దాన్ని ఆపడానికి 1988లో చట్టమే తేవాల్సి వచ్చింది. కానీ అదే మండలంలో ఆదివారం ప్రార్థనకు వెళ్లే దళిత కుర్రాడికి తన మనసు మగవాళ్ల వైపే పోతుందని తెలిస్తే, ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? ప్రసంగ పీఠం మీంచి అతనికి వినబడేది ఒక్క మాటే: ‘ఆడంగి’.

ఈ మాట ఎక్కడిది? మన తెలుగు బైబిల్లో, మొదటి కొరింథీ పత్రిక ఆరో అధ్యాయంలో దేవుని రాజ్యానికి వారసులు కానివారి జాబితా ఒకటుంది. అందులో ‘ఆడంగితనముగలవారు’, ‘పురుషసంయోగులు’ అని రెండు మాటలు కనిపిస్తాయి. మొదటిదానికి గ్రీకు మూలం ‘మలకోయ్’. దాని అసలు అర్థం మెత్తనివారు. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో ఇదే పదం బట్టల గురించి వస్తే మనవాళ్లు ‘సన్నపు బట్టలు’ అని అనువదించారు. మనిషి దగ్గరికి వచ్చేసరికి వాడలో పిల్లల్ని ఏడిపించే తిట్టు దొరికింది. రెండో పదం ‘అర్సెనోకొయ్తాయ్’. మగ, పడక అనే రెండు మాటల కలయిక. పౌలుకు ముందు ఈ పదం వాడిన దాఖలా దొరకదు. లేవీయకాండంలోని నిషేధానికి అది ప్రతిధ్వని అని సంప్రదాయవాదులంటారు, ఆ వాదనలో బలముంది. బానిసల మీద, బాలుర మీద యజమానులు సాగించిన దోపిడీనే పౌలు ఖండించాడని మరికొందరు పండితులంటారు. ఇంగ్లీషు బైబిల్లోకి ‘హోమోసెక్సువల్స్’ అనే మాట వచ్చింది 1946లోనే.

సొదొమ సంగతి కూడా చూడాలి. ఆ ఊరి దోషం గర్వమనీ, కడుపు నిండా తిండి ఉండి కూడా బీదలకు చేయి అందించకపోవడమనీ యెహెజ్కేలు పదహారో అధ్యాయం చెబుతుంది. ఊరి చివర బతికిన వాళ్లం, ఈ వాక్యం మన ప్రసంగాల్లో అంతగా వినబడకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ప్రపంచ సంఘాలు ఒకే మాట మీద లేవు. స్వలింగ ఆకర్షణే పాపమని కాథలిక్ బోధ అనదు, ఆ చర్యను మాత్రం పాపమంటుంది. 2023 డిసెంబరులో వాటికన్ అలాంటి జంటలను పెళ్లి తంతు కాని రీతిలో ఆశీర్వదించవచ్చంది. ఆంగ్లికన్ బిషప్పుల 1998 లాంబెత్ సమావేశం స్వలింగ సంబంధం లేఖనాలకు విరుద్ధమంది. అదే తీర్మానంలో ఆ మనుషుల అనుభవాన్ని వినాలని కూడా రాసుకుంది. అమెరికా కేంద్రంగా ఉన్న యునైటెడ్ మెథడిస్టు చర్చి 2024లో స్వలింగసంపర్కుల అభిషేకంపై నిషేధం ఎత్తేసింది. మన దేశంలో మాత్రం 377 సెక్షన్ కేసులో కొన్ని క్రైస్తవ సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లి నేరంగానే ఉంచమని వాదించాయి. 2018 సెప్టెంబరు 6న కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు.

ఇక నాయకుల అర్హతలు. మొదటి తిమోతి మూడో అధ్యాయం ప్రకారం అధ్యక్షుడు ‘ఏకపత్నీ పురుషుడు’ అయి ఉండాలి. తాగుబోతు, కొట్టేవాడు, ధనాపేక్ష గలవాడు కాకూడదు. కొత్తగా చేరినవాడు కాకూడదు. బయటివాళ్ల దగ్గర మంచి పేరుండాలి. స్వలింగ సంబంధం మాట ఈ జాబితాలో విడిగా లేదు. ‘ఏకపత్నీ’ మాట నుంచే దాన్ని లాగుతారు. అయితే ఆ మాటను అక్షరాలా పట్టుకుంటే ఆడవాళ్లు బిషప్పులు కాకూడదు. 2013లో సీఎస్ఐ నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత బిషప్ అయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్. అంటే చదివే తీరు మారుతుంది, మార్చుకున్నాం కూడా. మరి డబ్బు మాటో? 2024 ఏప్రిల్‌లో సీఎస్ఐ సినాడ్ వ్యవహారాలు చూడటానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు రిటైర్డ్ జడ్జీలను పెట్టాల్సి వచ్చింది. కొరింథీ జాబితాలో లోభులు, దోచుకునేవాళ్లు కూడా ఉన్నారు.

మన పెద్దలు ఈ విషయంలో బిగుసుకోవడానికి ఒక కారణముంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. మిషన్ రోజుల్లో బాప్తిస్మం తీసుకున్న మాల మాదిగలకు తాగుడు, చచ్చిన పశువు మాంసం మానాలన్న నియమం ఉండేది. క్రమశిక్షణ తప్పితే ప్రభువు బల్లకు దూరం పెట్టేవాళ్లు. ఆ కట్టుబాటు అవమానపు బతుకు నుంచి బయటపడే మెట్టుగా పనిచేసింది. బయటివాళ్ల ముందు పేరు పోకూడదన్న భయం అక్కడి నుంచే వచ్చింది. అందుకే కుర్రాడి సంగతి బయటపడితే అతని బాధ కన్నా సంఘం పరువే ముందుకొస్తుంది. సీఎస్ఐ లాంటి చోట కనీసం కమిటీ, డయోసిస్ ఉంటాయి, అప్పీలుకు దారి ఉంటుంది. సొంతంగా నడిచే రేకుల షెడ్డు సంఘంలో పాస్టరే తీర్పరి, ఆయనను అడిగేవాడు ఉండడు.

దళిత క్రైస్తవుడికి దెబ్బ రెండింతలు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడిగా నమోదైతే ఎస్సీ హోదా ఉండదు. తెలంగాణలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ మిగులుతుంది, అట్రాసిటీ చట్టం రక్షణ అందదు. వాడలో చర్చి వెలివేస్తే వెళ్లడానికి ఇంకో వాడ లేదు.

చట్టం ఎంతవరకు వస్తుందో కార్యకర్తలకు తెలిసుండాలి. 2014 నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ గుర్తింపును ఒప్పుకుంది. నిజాం కాలపు హిజ్రాల చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి హక్కు లేదంది. ఎవరికి ప్రభువు బల్ల ఇవ్వాలో, ఎవరిని పాస్టర్ చేయాలో చర్చి లోపలి విషయమే, పోలీస్ స్టేషన్లో తేలదు. కానీ ‘దయ్యం వదిలిస్తాం’ అని గదిలో పెట్టి ఉపవాసం ఉంచితే, కొడితే అది లోపలి విషయం కాదు. అక్రమంగా నిర్బంధించడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం, చేసింది తల్లిదండ్రులైనా పాస్టరైనా. లైంగికతను ‘మార్చే’ చికిత్స చేసే డాక్టరు తప్పు చేసినట్టేనని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చింది. పాస్టర్లకు ఆ నిబంధన వర్తించదు. వాళ్ల మీద పనిచేసేది 127, కొట్టిన దెబ్బలకు వర్తించే సెక్షన్లు, మొదటి రోజే తీసిన ఫొటోలు, ఆసుపత్రి కాగితం.