యంత్రం వ్రాసే చిట్టా

జరిగినదానిని జరిగిన వేళతో సహా వ్రాసి ఉంచుకోవడం మానవుని ప్రాచీనమైన అలవాట్లలో ఒకటి. బెజవాడలో లభించిన యుద్ధమల్లుని శాసనం నన్నయకు పూర్వమే ఒక ఆలయ నిర్మాణ వృత్తాంతాన్ని మధ్యాక్కరలలో రాతిపై నిలిపింది. మన వర్తకులు ఏనాటి వ్యవహారాన్ని ఆనాడే వరుసగా చిట్టాలో వ్రాసి, దాని నుండి పద్దుల వారీగా ఆవర్జాకు ఎత్తేవారు. ఓడ వేగాన్ని కొలవడానికి నావికులు సముద్రంలోకి విసిరిన కొయ్యముక్కను ఆంగ్లంలో ‘లాగ్’ అన్నారు. ఆ కొలతలు వ్రాసిన పుస్తకం లాగ్ బుక్ అయింది. నేడు కంప్యూటర్లు, చిన్న చిన్న యంత్రాలు తమ పనిని తామే నమోదు చేసుకునే ప్రక్రియకు ఆ పేరే స్థిరపడింది. దానిని మనం చిట్టా అనుకోవచ్చు.

బ్యారేజీ నేర్పే పాఠం

చిట్టా విలువ కృష్ణా డెల్టా వాసులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వెలసింది. అక్కడ నదీ ప్రవాహాన్ని నిరంతరం కొలిచి నమోదు చేస్తారు. 2009 అక్టోబరులో సుమారు 11.1 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని నమోదై ఉన్నది. అందువల్లనే 2024 సెప్టెంబరులో 11.4 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అంతకు మించినదని నిశ్చయంగా చెప్పగలుగుతున్నాము.

ఇక్కడ మరొక విశేషాన్ని గమనించాలి. కొలతలన్నీ నమోదవుతాయి గాని, ప్రతి కొలతకూ జనాన్ని హెచ్చరించరు. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 5.69 లక్షలకు చేరితే రెండవ హెచ్చరికను జారీ చేస్తారు. ఏది ఎంత ముఖ్యమో ముందే నిర్ణయించుకోవడమే ఈ ఏర్పాటులోని వివేకం. ఇంటిలోని చిన్న యంత్రానికీ ఈ వివేకమే కావాలి.

ఇంటిలోని చిన్న యంత్రాలు

సెల్‌ఫోను నుండి దీపం వెలిగించే, మోటారు నడిపే పరికరాలలో మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ 8266, 2016లో తెచ్చిన ఈఎస్‌పీ 32 వీటిలో బహుళ ప్రచారం పొందినవి. ఈ చిప్పులపై నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్లలో టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ ముఖ్యమైనవి.

టాస్మోటాలో చిట్టా స్థాయిలను అంకెలతో సూచిస్తారు. 0 అంటే ఏమీ వ్రాయవద్దని అర్థం. 1 పెడితే దోషాలు మాత్రమే నమోదవుతాయి. 2 పెడితే దోషాలతోపాటు సాధారణ సమాచారం కూడా చేరుతుంది. 3, 4 స్థాయిలు లోపాన్ని వెదికేటప్పుడు కావలసిన సూక్ష్మ వివరాలను ఇస్తాయి. ఈఎస్‌పీహోమ్‌లో స్థాయిని సాఫ్ట్‌వేరు తయారుచేసేటప్పుడే నిర్ణయిస్తారు. ఆ స్థాయికి అందని సందేశాలు చిప్పులోనికి ఎక్కనే ఎక్కవు. ఆ మేరకు స్థలం కలిసివస్తుంది.

‘అన్నీ వ్రాయించుకుంటే పోదా?’ అని విద్యార్థులకు సందేహం కలగవచ్చు. చిప్పులోని తాత్కాలిక జ్ఞాపకశక్తి చాలా పరిమితమైనది. అధికంగా వ్రాస్తే కొత్త పంక్తులు వచ్చి పాత పంక్తులను తుడిచివేస్తాయి. కావలసిన ఒక్క పంక్తి అందులో పోవచ్చు.

ఎక్కడ వ్రాయాలి?

తాత్కాలిక జ్ఞాపకశక్తిలోని చిట్టా కరెంటు పోగానే మాయమవుతుంది. కరెంటు పోయినా నిలిచే ఫ్లాష్ మెమరీలో వ్రాయవచ్చు గాని, దానిలో ఒక భాగాన్ని చెరిపి వ్రాయడానికి సాధారణంగా సుమారు లక్ష సార్లు అనే పరిమితి ఉన్నది. నిమిషానికి ఒకసారి ఒకే చోట చెరిపి వ్రాస్తే రోజుకు 1,440 సార్లు అవుతుంది. అనగా డెబ్బై రోజులలోపే ఆ పరిమితి తీరిపోతుంది.

కనుక చిట్టాను ఇంటిలోని మరొక కంప్యూటరుకు పంపడం ఉత్తమం. ఇందుకు ఉపయోగపడే పద్ధతి సిస్‌లాగ్. దీనిని 1980లలో ఎరిక్ ఆల్‌మన్ రూపొందించాడు. సందేశాల తీవ్రతను ఇది 0 నుండి 7 వరకు ఎనిమిది మెట్లుగా విభజిస్తుంది. ఇక్కడ 0 అత్యంత తీవ్రమైనది. టాస్మోటాలో ‘లాగ్‌హోస్ట్’ ఆదేశంతో చేరవలసిన కంప్యూటరు చిరునామాను, ‘లాగ్‌పోర్ట్’ ఆదేశంతో 514 అనే ద్వారాన్ని, ‘సిస్‌లాగ్’ ఆదేశంతో స్థాయిని నిర్ణయించాలి. అయితే సాధారణంగా ఇది రశీదు లేని ఉత్తరం వంటిది. చేరినదీ లేనిదీ పంపిన యంత్రానికి తెలియదు.

చిట్టాను దాచే కంప్యూటరును పై అంతస్తులో, ఇన్వర్టరుకు కలిపి ఉంచడం మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తిన సంగతి తెలిసినవారికి దీని కారణం వివరించనక్కరలేదు.

వేళ తప్పిన సాక్ష్యం

ఈ పరికరాలలో చాలా వాటికి కరెంటు పోయినా నడిచే గడియారం ఉండదు. తిరిగి మేల్కొన్నప్పుడు ఇంటర్నెట్ నుండి సమయం తెలుసుకునేవరకు కొన్ని పంక్తులపై 1970 సంవత్సరం కనిపించడం కద్దు. కంప్యూటర్ల కాలగణనలో అది ఆరంభ సంవత్సరం. అట్లే, కాలమండలాన్ని +5:30గా నిర్దేశించకపోతే నమోదైన వేళ మన వేళకు సరిపడదు. వేళ తప్పిన సాక్ష్యం సాక్ష్యం కానేరదు.

ఒక ఉదాహరణ

అవనిగడ్డ సమీపంలోని ఒక పల్లెలో వృద్ధ దంపతులు ఉన్నారనుకుందాం. కుమారుడు విదేశంలో ఉండి, ఇంటి మోటారుకు విద్యుత్తును కొలిచే పరికరం అమర్చాడు. ఒకనాటి ఉదయం ట్యాంకు నిండలేదు. తండ్రి మెకానిక్‌ను తప్పుపట్టాడు. మెకానిక్ పరికరాన్ని తప్పుపట్టాడు. కుమారుడు చిట్టా తెరిచి చూశాడు. 5:30కి మోటారు ఆన్ అయినట్లున్నది. విద్యుత్తు మాత్రం ప్రతిరోజూ వాడే దానికంటే బాగా తక్కువగా నమోదైనది. మోటారు తిరుగుతున్నా నీటిని తోడడం లేదని దీని భావం. ఫుట్‌వాల్వు విప్పి చూడగా అందులో చెత్త చిక్కుకొని ఉన్నది.

చిట్టాను 1వ స్థాయిలో ఉంచి ఉంటే ఇది బయటపడేది కాదు. పరికరం దృష్టిలో దోషమేదీ జరగలేదు గదా! 4వ స్థాయిలో ఉంచి ఉంటే ఆ రెండు పంక్తులు వందలాది పంక్తుల మధ్య మరుగునపడేవి. నిత్యవ్యవహారానికి 2వ స్థాయి చాలును. లోపాన్ని వెదికేటప్పుడు మాత్రం స్థాయిని పెంచి, పని ముగియగానే తగ్గించాలి.

చిట్టా చెప్పే రహస్యాలు

ఏ గదిలో దీపం ఎప్పుడు ఆరినదో, ఇంటిలో ఎవరూ లేని రోజులేవో చిట్టా చూసినవారికి తెలిసిపోతుంది. సాధారణ సిస్‌లాగ్ సందేశాలు రహస్య లిపిలో ప్రయాణించవు. కనుక వాటిని ఇంటి నెట్‌వర్కు దాటి పోనీయరాదు. సహాయం కోసం చిట్టాను ఇతరులకు చూపవలసివస్తే పాస్‌వర్డులను, పేర్లను ముందుగా తొలగించాలి. అవసరం తీరిన పాత పంక్తులను చెరిపివేయాలి. అన్నిటికంటే మిన్నగా, ఆ ఇంటిలో నివసించే పెద్దలకు తమ దినచర్య నమోదవుతున్నదని చెప్పి, వారి సమ్మతి పొందాలి. తల్లిదండ్రుల క్షేమం తెలుసుకోవడం వేరు, వారిపై నిఘా ఉంచడం వేరు.

శాసనం చిరకాలం నిలవడానికి చెక్కినది. యంత్రపు చిట్టా కావలసినంతకాలమే నిలవవలసినది. ఏది వ్రాయాలో, ఎక్కడ ఉంచాలో, ఎప్పుడు చెరపాలో నిర్ణయించవలసినది యంత్రం కాదు, మనిషి. ఆ నిర్ణయం సక్రమంగా ఉన్నప్పుడే చిట్టా నిర్దోషిని నింద నుండి కాపాడుతుంది, ఇంటిగుట్టునూ కాపాడుతుంది.

ప్రశ్నలు

1. ప్రకాశం బ్యారేజీ హెచ్చరికలకు, యంత్రపు చిట్టా స్థాయిలకు గల పోలికను వివరించండి.
2. చిట్టాను మరొక కంప్యూటరుకు పంపవలసిన ఆవశ్యకత ఏమిటి?
3. ‘వేళ తప్పిన సాక్ష్యం సాక్ష్యం కానేరదు’ – సమర్థించండి.